నా కథ ఇప్పటికే ఎవరో రాసేశారా? పోలికకీ కాపీకీ మధ్య గీత ఎక్కడుంది

కథలు రాసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకసారి ఈ దెబ్బ తగులుతుంది. ఎన్నాళ్లుగానో మనసులో తిప్పుకుంటున్న లైన్ ఒకటి ఉంటుంది, సగం రాసి కూడా ఉంటారు, అంతలో ఎవరో ఒక ట్రైలర్ పంపిస్తారు, లేదా ఏదో నవల వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు కంటపడతాయి. చూస్తే అది మన కథే. చాలా రాతలు అక్కడే ఆగిపోతాయి. అలా ఆగిపోయినవాటిలో ఆగాల్సిన అవసరం లేనివే ఎక్కువని నా నమ్మకం. అయితే "ఏం పర్లేదు, రాసెయ్" అని భుజం తట్టి పంపేసే సలహా కూడా నాకు చాలదు, ఎందుకంటే నిజంగానే ఆగి చూసుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే పోలిక ఎలా పుడుతుందో, చట్టం దాన్ని ఎలా కొలుస్తుందో, చదివేవాళ్లు ఎలా కొలుస్తారో విడివిడిగా చూడాలి.

## ఒక్క టెన్షన్‌లో మూడు ప్రశ్నలు

"నా కథ ఫలానా కథలా ఉంది" అని బాధపడేవాళ్లని కాస్త కదిపితే లోపల మూడు వేర్వేరు భయాలు బయటపడతాయి. ఒకటి చట్టం భయం: కేసు వేస్తారేమో, పుస్తకం ఆపేస్తారేమో. రెండోది మంచిచెడ్డలది: ఎవరి కష్టాన్నో నాదని చెప్పుకుంటున్నానా. మూడోదాన్ని చాలామంది పైకి అనరు గానీ అసలు గుచ్చేది అదే: చదివేవాళ్లు "ఇది చూసేశాంలే" అని పక్కన పడేస్తారా.

ఈ మూడింటికీ జవాబులు కలిసి నడవవు. ఎప్పుడో రెండువందల ఏళ్ల కిందటి రచయిత కథని తీసుకుని, పేర్లు మార్చి, మూలం ఊసెత్తకుండా నాదే అని అచ్చేసుకుంటే కాపీరైట్ చట్టం అడ్డురాకపోవచ్చు, కానీ అది గ్రంథచౌర్యమే. దీనికి సరిగ్గా ఎదురు: బతికున్న రచయిత నవలను అనుమతి లేకుండా సినిమా తీసి, టైటిల్స్‌లో ఆ రచయిత పేరు పెద్దక్షరాలతో వేసినా, దాపరికం లేదన్న మాటే గానీ చట్టం ముందు తప్పు తప్పే. ఇక ఈ రెండు తప్పులూ లేకుండా, ఒక్క వాక్యం కూడా ఎవరి దగ్గరా తీసుకోకుండా రాసిన కథ కూడా మూడో పేజీలోనే విసుగు పుట్టించవచ్చు. అందుకే "పోలిక ఉందా లేదా" అని ఒక్క ప్రశ్న వేసుకుంటే ఎటూ తేలదు.

## ఐడియా, లైన్, ప్లాట్, రాత

కథ గురించి మాట్లాడేటప్పుడు మనం నాలుగైదు వేర్వేరు సంగతుల్ని "కథ" అనే ఒకే మాటతో పిలిచేస్తాం. విడదీస్తే ఇలా ఉంటాయి.

ఇతివృత్తం అంటే కథ దేని గురించో అది: పగ, పోగొట్టుకున్నవాళ్ల కోసం తపన, ఇష్టం లేని పెళ్లి. ఇది ఎవరిదీ కాదు. దాని మీద ఒక పరిస్థితి కట్టుకుంటే అది లైన్, సినిమావాళ్లు "పాయింట్" అనేది దాదాపు ఇదే. ఆ పరిస్థితిలో ఎవరెవరు ఉన్నారు, ఒకరికొకరు ఏమవుతారు, ఏ సంఘటన వల్ల ఏ సంఘటన జరిగింది, ఎక్కడ మలుపు తిరిగింది, ఇదంతా ప్లాట్. చివరిది రాత: సన్నివేశాలు, సంభాషణలు, వాక్యాలు, పాత్రల మాటతీరు.

ఇవి కాక ట్రోప్ అని ఒకటుంది. ఎందరో వాడి వాడి అందరి సొత్తైపోయిన కథాపద్ధతి అది: చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు, ఒకే పోలికతో ఇద్దరు, ముందు శత్రువులై తర్వాత ప్రేమలో పడే జంట. ట్రోప్ వాడినంత మాత్రాన ఎవరి దగ్గరా తీసుకున్నట్టు కాదు.

## పోలిక ఎంత ఎత్తు నుంచి చూస్తే కనిపిస్తోంది

ఒక ఉదాహరణ తీసుకుందాం, అన్నీ దీని మీదే చూడొచ్చు. చనిపోయిన తండ్రి ఫోన్ నంబరుకి కూతురు రోజూ మెసేజ్‌లు పెడుతుంటుంది. ఒక రాత్రి అటునుంచి జవాబు వస్తుంది. ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేశారు.

ఈ లైన్ మీద ఇప్పటికే నవలలూ సినిమాలూ వచ్చాయి, ఇంకా వస్తాయి కూడా. ఎందుకొస్తాయో చెప్పడం కష్టం కాదు: వాడకం ఆగిన నంబర్లను టెలిఫోన్ కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకి ఇస్తాయి, పోయినవాళ్ల నంబరు ఫోన్‌లోంచి తీసేయడానికి చాలామందికి చెయ్యి రాదు. ఈ రెండూ తెలిసిన ఎవరికైనా ఆ కథ తట్టే అవకాశం ఉంది.

ఇప్పుడు దీని మీద మూడు కథలు ఊహిద్దాం. మొదటి కథలో ఆ నంబరు ఒక యువకుడికి వస్తుంది. మెసేజ్‌లు చదివి చదివి ఆమె మీద ప్రేమ పెంచుకుంటాడు, తానెవరో చెప్పకుండా వెళ్లి పరిచయం చేసుకుంటాడు, ఒకరోజు మెసేజ్‌లో తప్ప ఇంకెక్కడా లేని మాట నోరుజారి దొరికిపోతాడు, ఆమె వెళ్లిపోతుంది, చివర్లో అతను ఆ సిమ్‌కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టేస్తాడు.

రెండో కథలో ఆ నంబరు రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సుకి వస్తుంది, ఆమెకి యాభై దాటాయి. ముందు పట్టించుకోదు. ఒక అర్ధరాత్రి వచ్చిన మెసేజ్ చూసి ఈ పిల్ల ఏదో చేసుకునేలా ఉందని భయపడి, తండ్రి రాసినట్టుగానే ఒక్క ముక్క జవాబిస్తుంది. పిల్ల తేరుకుంటుంది. ఇక నర్సు ఆపలేదు. తను చేస్తున్నది కాపాడటమా, మోసమా అన్నది ఆమెని తినేస్తుంటుంది. కూతురికి మాత్రం రెండో రోజే తెలుసు, ఎందుకంటే తండ్రి ఎప్పుడూ చేసే అక్షరదోషం ఆ జవాబుల్లో లేదు. తెలిసీ రాస్తూనే ఉంది.

మూడో కథలో ఫోనే లేదు. వందేళ్ల కిందట, యుద్ధంలో పోయిన భర్తకి ఒకామె పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తుంటుంది. ఆ ఇంట్లో కొత్తగా దిగిన యువకుడు వాటిని తెరిచి చదువుతాడు, ప్రేమ పెంచుకుంటాడు, తానెవరో చెప్పకుండా పరిచయం చేసుకుంటాడు, ఉత్తరంలోని మాట ఒకటి నోరుజారి దొరికిపోతాడు, ఆమె వెళ్లిపోతుంది, చివర్లో ఉత్తరాల కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టేస్తాడు.

మొదటి కథ ట్రైలర్ చూసి గుండె గుభేల్‌మనేది రెండో కథ రాసినవాళ్లకి, ఎందుకంటే లైన్ అచ్చంగా అదే. మూడో కథ రాసినవాళ్లు "నాది పూర్తిగా వేరే కాలం, ఫోన్ కూడా లేదు" అని నిశ్చింతగా ఉంటారు. కానీ సంఘటనల వరుస, పాత్రల మధ్య సంబంధం, మలుపు, ముగింపు అన్నీ మొదటి కథవే. ప్రమాదం మూడో కథకే. రెండో కథ లైన్ దగ్గర తప్ప ఇంకెక్కడా మొదటిదాన్ని తాకలేదు.

దీన్ని పట్టుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. మనల్ని భయపెట్టే పోలిక సాధారణంగా ట్రైలర్‌లోనో వెనక అట్ట మీదో కనిపించింది, అంటే ఎదుటివాళ్ల కథని మనం నాలుగు వాక్యాలకి కుదించి చూశాం. మన కథ ఇంకా పూర్తిగా రాయలేదు కాబట్టి అదీ మన తలలో నాలుగు వాక్యాలే. కుదించిన రెండు కథల్ని పక్కపక్కన పెడితే అవి ఒకేలా ఉండటంలో వింతేముంది? వాటిని వేరుచేసే సంగతులన్నీ కుదించేటప్పుడే పోయాయి కదా.

## ఇంచుమించు ఒకే కథ, రెండు కోర్టులు

ఈ ఎత్తు సంగతిని ముందుగా తేటగా రాసిన వాళ్లలో ఒకరు అమెరికా న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్. 1930లో ఆయన ముందుకి ఒక కేసు వచ్చింది. 'ఏబీస్ ఐరిష్ రోజ్' అనే నాటకం రాసిన ఆన్ నికోల్స్, 'ది కోహెన్స్ అండ్ కెల్లీస్' అనే సినిమా తన నాటకానికి కాపీ అన్నారు. రెండింట్లోనూ ఒక యూదు కుటుంబం, ఒక ఐరిష్ క్యాథలిక్ కుటుంబం, పిల్లల ప్రేమ, పెద్దల గొడవ, చివరికి రాజీ. హ్యాండ్ చెప్పినదాని సారాంశం ఏమిటంటే, ఏ నాటకంలోనైనా వివరాలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే దానికి సరిపడే రూపురేఖలు పైపైన ఇంకా ఇంకా స్థూలంగా తయారవుతాయి, చివరికి ఒక్క వాక్యమో పేరో మిగులుతుంది, ఆ మెట్లలో ఎక్కడో ఒకచోట రక్షణ ఆగిపోతుంది. ఆ చోటు ఇదీ అని ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు, చెప్పలేరు కూడా అని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ కేసులో కాపీ కాదని తీర్పు వచ్చింది. రెండు మతాల కుటుంబాల మధ్య పెళ్లి అనే పరిస్థితి, దానితోపాటు వచ్చే మూస పాత్రలు ఎవరి సొత్తూ కాలేదు.

మన సుప్రీంకోర్టు ముందుకి ఇంచుమించు ఇలాంటి కథే వచ్చింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త 'హమ్ హిందుస్తానీ' అని ఒక నాటకం రాశారు, ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, ప్రాంతీయ దురభిమానం, పిల్లల ప్రేమ. 1956లో 'న్యూఢిల్లీ' అనే సినిమా వచ్చింది, అందులోనూ అదే. పైగా ఆ సినిమా తీసినాయనకి ఆనంద్ తన నాటకం అంతకుముందే చదివి వినిపించి ఉన్నారు. వింటే ఇంకేముంది అనిపిస్తుంది. అయినా 1978లో సుప్రీంకోర్టు కాపీ కాదంది. ఆలోచనకి, ఇతివృత్తానికి కాపీరైట్ లేదు. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి రెండోది మొదటిదాని నకలే అన్న తిరుగులేని అభిప్రాయం కలగాలి. ఇక్కడ సినిమా అద్దె ఇళ్ల దగ్గర చూపించే ప్రాంతీయ వివక్షనీ, వరకట్నాన్నీ కూడా తీసుకుంది, నాటకంలో అవి లేవు, కథ నడిచిన తీరు వేరు అని కోర్టు చూసింది. ఈ తీర్పు నచ్చనివాళ్లు కూడా ఉండొచ్చు, నాకు కూడా ఆ నాటకకర్త బాధ అర్థమవుతుంది. తన నాటకం విన్న మనిషే అదే ఇతివృత్తం మీద సినిమా తీస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ ఇతివృత్తాన్ని ఒకరికి రాసిచ్చేస్తే తర్వాత ఆ సమస్య మీద ఇంకెవరూ నాటకం రాయలేరు, చిక్కంతా అక్కడుంది.

ఇది రెండు దేశాల అభిప్రాయం మాత్రమే కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలన్నీ మేధోసంపత్తి హక్కుల మీద ఒప్పుకున్న ట్రిప్స్ ఒప్పందం, 1995 నుంచి అమల్లో ఉన్నది, తొమ్మిదో అధికరణంలో ఇదే మాట చెబుతుంది: రక్షణ వ్యక్తీకరణకి, ఆలోచనకి కాదు.

## పేర్లు, ఊరు మార్చినా దొరికిపోయిన సినిమా

పై రెండు కేసులు చదివి "అయితే అన్నీ మార్చేస్తే చాలు" అనుకోవడం పొరపాటు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' నవలని ఒక జర్మన్ కంపెనీ 1922లో అనుమతి లేకుండా 'నోస్ఫెరాటు' అని సినిమా తీసింది. కౌంట్ డ్రాక్యులా కౌంట్ ఓర్లాక్ అయ్యాడు, ఇంగ్లండ్ కాస్తా ఒక జర్మన్ పట్నం అయింది. స్టోకర్ అప్పటికే చనిపోయాడు, ఆయన భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్లింది. 1925లో ఆ సినిమా ప్రింట్లన్నీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. (కొన్ని మిగిలిపోయాయి కాబట్టే ఇవాళ చూడగలుగుతున్నాం.) మారింది పేర్లూ ఊళ్లూ, కదిలే కథ మాత్రం అదే. మన మూడో కథలాగే.

ఆ సినిమాలో ఇంకో ఆసక్తికరమైన సంగతుంది. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట కూడా తిరగగలడు, బలం తగ్గుతుంది అంతే. ఎండ తగిలితే రక్తపిశాచి నశించిపోవడం అనేది ఈ సినిమా చేర్చింది. తర్వాత అది ఎన్ని కథల్లోకి పాకిందో లెక్కలేదు, ఇప్పుడు ట్రోప్ అయి కూర్చుంది.

ట్రోపుల్లాంటివే తప్పనిసరి సన్నివేశాలు. పోలీసు కథలో విచారణ గది, ఆస్పత్రి కథలో ఆపరేషన్ థియేటర్ బయట ఎదురుచూపు, ప్రేమ కథలో అపార్థం. ఆ రకం కథ ఎంచుకున్నాక అవి వద్దన్నా వస్తాయి. కోర్టులు పోలికలు లెక్కపెట్టేటప్పుడు వీటిని పక్కన పెడతాయి. మీ కథకీ ఇంకోదానికీ పది పోలికలు దొరికాయనుకుంటే, అందులో ఎన్ని ఆ జాతి కథలన్నిటికీ ఉండేవో తీసేసి చూస్తే మిగిలేవి ఒకటో రెండో అవుతాయి.

## ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం

నిజంగా ఎక్కడా చదవకుండా, చూడకుండా, ఒకే కథ ఇద్దరికి తట్టవచ్చా? తట్టవచ్చు. సైన్సులో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది: 1858లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన వ్యాసం చదివి చార్లెస్ డార్విన్ నిర్ఘాంతపోయాడు, తాను ఇరవై ఏళ్లుగా దగ్గర పెట్టుకున్న ప్రకృతి వరణ సిద్ధాంతమే అందులో ఉంది. ఆ జూలై 1న ఇద్దరి పత్రాలూ లండన్‌లో ఒకే సభలో చదివారు. ఇద్దరూ దూరదేశాల్లో జీవజాతుల్ని చూసినవాళ్లే, ఇద్దరూ జనాభా గురించి మాల్థస్ రాసింది చదివినవాళ్లే. ముడిసరుకు ఒకటే అయినప్పుడు ఆలోచన ఒకేచోటికి చేరింది. ఫోన్ నంబరు కథ వెనక కూడా జరిగేది అదే.

కాపీరైట్ చట్టం ఈ సంగతిని ఒప్పుకుంటుంది. పేటెంట్‌లో అయితే రెండోవాడు సొంతంగానే కనిపెట్టినా మొదటివాడి హక్కు ముందు నిలవడం కష్టం. కాపీరైట్‌లో అలా కాదు, అసలు చూడకుండా రాస్తే అది కాపీ కానే కాదు. లెర్నెడ్ హ్యాండే 1936లో ఇంకో కేసులో దీన్ని చివరంటా లాగి చెప్పాడు: కీట్స్ పద్యాన్ని ఎన్నడూ ఎరగని మనిషి ఏదో మాయ వల్ల అదే పద్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాస్తే అతనూ దానికి రచయితే. అందుకే కేసుల్లో మొదట అడిగేది, ఈయనకి ఆ రచన అందుబాటులో ఉందా అని. కానీ మూలం అందరూ చూసిన సినిమా అయినప్పుడు "నేను చూడలేదు" అంటే నమ్మించడం తేలిక కాదు.

## చదివి మర్చిపోయిన కథ మనదిగా తిరిగొస్తే

నన్ను అడిగితే, నిజంగా భయపడాల్సింది ఏమైనా ఉంటే ఇది. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ పదకొండేళ్ల వయసులో, 1891లో, 'ది ఫ్రాస్ట్ కింగ్' అని ఒక చిన్న కథ రాసి తన బడి పెద్దాయనకి పుట్టినరోజు కానుకగా పంపింది. అది అచ్చయింది. కొద్దిరోజులకే మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి కథ ఒకటి దాదాపు అదే అని బయటపడింది, కొన్నిచోట్ల వాక్యాలు కూడా కలిశాయి. ఆ కథని కొన్నేళ్ల ముందు ఎవరో ఆమె అరచేతిలో అక్షరాలు రాస్తూ వినిపించారు, ఆమెకి ఆ సంగతి ఏమాత్రం గుర్తులేదు. బడిలో పెద్దలు కూర్చుని ఆ పిల్లని విచారించారు. చదివిందంతా తన మనసులో కలిసిపోతుందని, ఏది తన ఆలోచనో ఏది చదివిందో ఎప్పుడూ విడదీయలేనని తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది. మాట్లాడటానికీ వినడానికీ వేళ్ల మీదే ఆధారపడ్డ ఆ పిల్లని అలా నిలదీయడం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

దీన్ని మనస్తత్వ శాస్త్రంలో క్రిప్టోమ్నీషియా అంటారు: జ్ఞాపకం తిరిగొస్తుంది, కానీ అది జ్ఞాపకమని తెలియదు, కొత్త ఆలోచనలా అనిపిస్తుంది. 1989లో అలన్ బ్రౌన్, డానా మర్ఫీ అనే పరిశోధకులు కొందర్ని గుంపుగా కూర్చోబెట్టి ఒక్కో వర్గానికి (జంతువులు లాంటివి) ఉదాహరణలు వంతులవారీగా చెప్పించారు, తర్వాత ఎవరు చెప్పినవి వాళ్లని రాయమన్నారు, ఇంతవరకు ఎవరూ చెప్పనివి కొత్తగా చెప్పమన్నారు. పక్కవాళ్లు చెప్పినవాటిని తమవిగానూ, కొత్తవిగానూ రాసినవాళ్లు తేలారు. కావాలని ఎవరూ చేయలేదు.

చట్టం ఈ మరుపును మన్నిస్తుందా? అన్నిసార్లూ మన్నించదు. 1976లో అమెరికాలో ఒక కోర్టు, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ 'మై స్వీట్ లార్డ్' పాటలో అంతకుముందటి ఒక పాట బాణీని తెలియకుండానే వాడారని నమ్మింది, తెలియకపోయినా ఉల్లంఘనే అని తేల్చింది.

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఇలా తిరిగొచ్చేది సాధారణంగా తయారై వస్తుంది. వాక్యం, బాణీ, మలుపు ఒక్క చిత్తు కూడా లేకుండా నిండుగా దిగిపోతే దాన్ని ఒకసారి అనుమానించడంలో తప్పులేదు. కొట్టేసి, మార్చి, మళ్లీ రాసి తెచ్చుకున్న సన్నివేశం మీద ఆ అనుమానం అంతగా అక్కర్లేదు.

## "కొత్త కథంటూ లేదు" అనే వాదన ఎంతవరకు నిలుస్తుంది

ఈ భయానికి అందరూ ఇచ్చే మందు ఇది: లోకంలో ఉన్నవే కొన్ని కథలు, అందరూ వాటినే తిప్పి రాస్తారు. దీని వెనక చదువు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో జార్జ్ పోల్టీ 1895లో నాటకీయ పరిస్థితులు 36 అన్నాడు. రష్యాలో వ్లాదిమీర్ ప్రాప్ 1928లో అద్భుత జానపద కథల్ని విడదీసి, వాటిలో 31 రకాల చర్యలే మళ్లీ మళ్లీ వస్తాయన్నాడు. సిండ్రెల్లా లాంటి కథల్ని పోగుచేసిన మరియన్ రోల్ఫ్ కాక్స్ 1893లోనే 345 రూపాలు చూపించింది, ఆ కథకి దగ్గరిది చైనాలో తొమ్మిదో శతాబ్దపు గ్రంథంలోనే ఉంది.

కానీ గమనించండి, లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. కథలు ఎన్నో నిజంగా తేలే సంగతైతే పోల్టీ 36 అని, 'ఏడు ప్రాథమిక కథలు' అని పుస్తకం రాసిన క్రిస్టఫర్ బుకర్ ఏడు అని అనరు. ఎవరు ఎంత ఎత్తు నుంచి చూశారో దాన్ని బట్టి ఆ అంకె వచ్చింది. కాబట్టి "అన్నీ పాత కథలే" అన్నది ఎత్తు నుంచి నిజం, దగ్గర్నుంచి నిజం కాదు.

తెలుగులో ఈ ప్రశ్నని నేరుగా ఎదుర్కొన్న కవి విశ్వనాథ సత్యనారాయణ. వాల్మీకి దగ్గర్నుంచి ఎందరో రాసిన రామాయణాన్ని మళ్లీ ఎందుకు రాయడం అని 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం' మొదట్లోనే తానే అడిగి తానే జవాబిచ్చాడు. అందరూ తలచిన రాముణ్ణే నేనూ తలుస్తాను, నా భక్తీ నా రచనా నావి అన్నది అందులో సారం. ఆయన దాచిందేమీ లేదు, కథ ఎవరిదో అందరికీ తెలుసు. పాత కథ తిరగరాయడంలో ఉన్న గౌరవమంతా ఆ బహిరంగతలో ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి తెలియని కథని తెచ్చి, మూలం చెప్పకుండా, నాదే అనడం వేరే పని. సినిమా జనం "ఫ్రీమేక్" అని వెక్కిరించేది దాన్నే, ఆ కోపంలో న్యాయం ఉంది.

ఎదుటి వాదన కూడా వినాలి. "కొత్తదంటూ లేదు" అనే మాటని ఒళ్లు వంచనివాళ్లు కవచంలా వాడుకుంటారు, మొదటి ఊహకే సరిపెట్టుకుంటారు అని కొందరంటారు. నిజమే, మొదట తట్టిన మలుపు చాలాసార్లు అందరికీ మొదట తట్టేదే. ఇంకా కొందరు, మన కథకి దగ్గరగా ఉన్నవి రాసేటప్పుడు చదవకపోవడమే మేలంటారు, ప్రభావం పడుతుందని, ధైర్యం పోతుందని. ఇంకో పక్షం అన్నీ చదివి తీరాలంటుంది, లేకపోతే అందరూ నడిచి అరగదీసిన దారినే కొత్త దారనుకుంటామని. రెండింట్లోనూ నిజముంది గానీ, నేను రెండో పక్షం. వెనక అట్ట చదివి భయపడటం కన్నా ఆ పుస్తకం మొత్తం చదవడం మంచిది, చదివినకొద్దీ అది మన కథ కాదని తెలిసే అవకాశమే ఎక్కువ.

## ఆలోచనకి కాపీరైట్ లేకపోతే ఎవరైనా తీసేసుకోవచ్చా

ఇంతవరకు చదివినవాళ్లకి తిరగబడిన భయం పుట్టవచ్చు: నా లైన్ ఒక నిర్మాతకి చెబితే ఎత్తేస్తే దిక్కెవరు? కాపీరైట్ కాకపోయినా వేరే దారులున్నాయి. నచ్చితే డబ్బిస్తారన్న అవగాహనతో చెప్పిన కథని వాడుకుంటే అది మాట ఇచ్చి తప్పడం కిందకి రావచ్చని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1956లో డెస్నీ అనే రచయిత వేసిన కేసులో చెప్పింది. నమ్మకంతో ఇచ్చిన టీవీ సీరియల్ కాన్సెప్ట్ నోట్ విషయంలో 2003లో బొంబాయి హైకోర్టు కూడా రక్షణ ఇచ్చింది. రెండుచోట్లా అడ్డుకున్నది కథల పోలిక ఒక్కటే కాదు, ఎవరు ఎవరికి ఏ నమ్మకంతో చెప్పారన్నది. అందుకే ఇలాంటి గొడవల్లో ఈమెయిల్ తేదీలు, రాసి పంపిన నోట్లు, రిజిస్ట్రేషన్లు అంత పనికొస్తాయి. నోటిమాటగా చెప్పిన లైన్‌కి సాక్ష్యం దొరకదు.

పాత కథల మీద రాసేవాళ్లకి ఇంకో చిక్కు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం ఆ హక్కు రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు ఉండాలి, మన దేశంలో 60, చాలా దేశాల్లో 70. గడువు తీరాక మూలకథ అందరిదీ. కానీ ఈమధ్య ఎవరో తిరగరాసిన రూపంలో కొత్తగా చేర్చిన పాత్రలు, మలుపులు వాళ్లవి. ఇతిహాసంలోని ఒక పాత్ర కథ మీరు రాస్తుంటే ఆ పాత్ర ఎవరి సొత్తూ కాదు, ఇవాళ్టి రచయిత ఆ పాత్రకి కల్పించిన చెల్లెలు మాత్రం ఆ రచయిత సొత్తే.

## ఒక్క మలుపు మీద నిలబడ్డ కథల సంగతి వేరు

మూడో ప్రశ్న, పాఠకుడి ప్రశ్న, మిగిలింది. దీనికి కోర్టు ఉండదు. లైన్ కలిసినా పాఠకులు పట్టించుకోని కథలు కోకొల్లలు. నేరపరిశోధన నవలలు చదివేవాళ్లు ఎవరో చంపబడటం, ఎవరో కనిపెట్టడం కోసమే ఒకదాని తర్వాత ఒకటి చదువుతారు, ఆ పోలిక వాళ్లకి కావలసిందే. కానీ కథలో బలమంతా చివరి వాక్యంలో తేలే ఒక్క రహస్యంలో ఉంటే, ఆ రహస్యం ఇంకోచోట చదివినవాళ్లకి మన కథలో ఇంకేమీ మిగలదు. చట్టం కాపీ అనదు, పాఠకుడు అనకపోయినా పెదవి విరుస్తాడు. చిన్న కథల్లో ఈ బాధ ఎక్కువ, నవలలో తక్కువ, ఎందుకంటే అన్ని వందల పేజీలు ఒక్క రహస్యం మీద నడవవు.

నర్సు కథనే తీసుకోండి. జవాబిస్తున్నది తండ్రి కాదని కూతురికి ముందే తెలుసన్న సంగతిని చివరి పేరాలో బయటపెడితే అది మలుపు కథ అవుతుంది, అలాంటి ముగింపు ఇంకెక్కడో చూసినవాళ్లు మధ్యలోనే పసిగట్టేస్తారు. అదే సంగతిని రెండో పేజీలోనే పాఠకుడికి చెప్పేస్తే, ఇంక దాచడానికేమీ ఉండదు. తెలిసీ ఆ పిల్ల ఎందుకు రాస్తోంది, ఆ నర్సుకి ఎప్పుడు చెబుతుంది, అసలు చెబుతుందా అన్నవి మిగులుతాయి, వాటికి జవాబు ఏ ట్రైలర్‌లోనూ దొరకదు.